గుగ్గిలం సారు

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. ఆఫీసులో వాడుకలో ఉన్నది మాత్రం గుగ్గిలం సారు. అగ్గి ఎవరు పెట్టినా ఫరవాలేదు, భగ్గుమనడం ఆయన వంతు. ఏ ఆఫీసని అడగక్కర్లేదు. కార్పొరేట్ కాలేజీ ప్రిన్సిపాల్ గదిలో ఉంటారు, మాదాపూర్‌లో డెలివరీ హెడ్ కేబిన్‌లో ఉంటారు, రాత్రి పదింటికి టెలికాన్ఫరెన్సు పెట్టి మండలాలన్నింటినీ నిద్రలేపే కుర్చీలోనూ ఉంటారు. ప్రస్తుతానికి ఆయన్ని ఓ బ్యాంకు రీజినల్ ఆఫీసులో చూద్దాం.

పొద్దున సారు కారు గేటు దాటగానే వాచ్‌మన్ పై అంతస్తులో ఉన్న అటెండరుకి మిస్డ్ కాల్ ఇస్తాడు. హోదాలో చిట్టచివరివాడైనా ఆ ఆఫీసులో అటెండరుకున్న పలుకుబడి చీఫ్ మేనేజరుకి కూడా లేదు. “సారు మూడ్ ఎలా ఉంది?” అన్న ప్రశ్నకి జవాబు చెప్పగలిగేది అతనొక్కడే. “టీ వెనక్కి పంపారండీ” అంటే ఈపూట ఫైలు పెట్టొద్దని. “అమ్మగారు ఫోన్ చేశారండీ” అంటే సెలవు చీటీ రేపు చూసుకోమని. “తలుపు మెల్లగా వేశారండీ” అంటే ఇక ఆలస్యం చేయకుండా పరిగెత్తమని. ఎంబీయేలు చదివిన అధికారులు అతని ముందు చేతులు కట్టుకుని ఈ బులెటిన్ వింటారు.

సోమవారం రివ్యూ. తెర మీద నలభై మంది బ్రాంచి మేనేజర్లు, నలభై చిన్న చిన్న గడుల్లో.

“ఎన్ని పాలసీలు చేయించావయ్యా?”

“ఏడు సార్.”

“ఏడా? ఏడు... ఏడు! ఇంకేం చేస్తావ్, కూర్చుని ఏడు!”

తన చమత్కారానికి తనే మురిసిపోయి సారు తెరవంక చూస్తారు. నవ్వాలో వద్దో తేలక నలభై గడులూ మ్యూట్‌లో ఉండిపోతాయి. నవ్వనందుకు ఇంకో ఐదు నిమిషాలు తిట్లు పడతాయి. “మీ ఇళ్ళల్లో అన్నమే తింటున్నారా? జీతం తీసుకోవడానికి అసలు...” అంటూ ఉండగా ఫోన్ మోగుతుంది. జీఎం గారు.

సారు లేచి నిలబడతారు. ఫోన్లో ఉన్నాయనకి ఈ నిలబడటం కనబడదు, అయినా నిలబడతారు. “సార్... సార్... తప్పకుండా సార్... పొరపాటు నాదే సార్.” రెండు నిమిషాల పాటు ఆ గొంతులో ఎంత వినయమంటే, ఆయన్ని కన్నతల్లి కూడా అంతటి మెత్తని మాట విని ఉండదు. ఫోన్ పెట్టేసి కూర్చుంటారు. ఆగిన వాక్యాన్ని ఆగినచోటే అందుకుంటారు: “...సిగ్గుండాలి!”

“కోపమొస్తే నాకు ఒళ్ళు తెలీదు” అని సారు తన గురించి తాను గర్వంగానే చెప్పుకుంటారు. ఒళ్ళు తెలియని ఆ కోపానికి గ్రేడ్లూ స్కేళ్ళూ మాత్రం కంఠతా వచ్చు. స్కేల్ ఫోర్ దాకా విజృంభిస్తుంది, స్కేల్ సెవెన్ ఎదురుపడగానే చల్లారుతుంది. ఆ సంగతి ఆయనకి తప్ప ఆఫీసులో అందరికీ తెలుసు.

ఈ జాతి మన మట్టిలోనే పుట్టిందని అనుకోనక్కర్లేదు. 2014 డిసెంబర్ 5న న్యూయార్క్‌లో కొరియన్ ఎయిర్ విమానం బయల్దేరి రన్‌వే వైపు కదులుతోంది. మొదటి తరగతిలో ఆ సంస్థ ఛైర్మన్ కూతురు, ఉపాధ్యక్షురాలు చో హ్యున్ ఆ కూర్చుని ఉన్నారు. మెకడేమియా గింజల్ని ప్లేటులో పోయకుండా పొట్లంతోనే ఇచ్చారన్నది ఆమె కోపానికి కారణం. విమానాన్ని వెనక్కి తిప్పించి, సిబ్బందికి పెద్ద అయిన పర్సర్‌ని దించేసి గానీ శాంతించలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సియోల్ కోర్టు ఏడాది జైలు శిక్ష వేసింది. మే నెలలో అప్పీలు కోర్టు శిక్ష తగ్గించి, దాన్ని సస్పెండ్ చేసి విడిచిపెట్టింది. ఆఫీసుల్లో ఈ దౌర్జన్యానికి అడ్డుకట్ట వేస్తూ దక్షిణ కొరియాలో 2019 జులై నుంచి చట్టమే అమల్లోకి వచ్చింది. మన దేశంలో 2013 నాటి చట్టం లైంగిక వేధింపులకే పరిమితం. ఉత్త అరుపులకి ప్రత్యేక చట్టమేదీ లేదు, సెల్‌ఫోన్ రికార్డింగే దిక్కు. 2023 జూన్‌లో కోల్‌కతాలో ఓ ప్రైవేటు బ్యాంకు అధికారి పాలసీలు అమ్మలేదని ఆన్‌లైన్ సమావేశంలో సిబ్బందిపై విరుచుకుపడిన వీడియో దేశమంతా తిరిగాకే ఆయన సస్పెండయ్యారు.

ఆ వీడియో గుగ్గిలం సారూ చూశారు. “రికార్డు చేసినవాణ్ణి పట్టుకున్నారా?” అని అడిగారు.

అరవకపోతే పని జరగదన్నది సారు సిద్ధాంతం. అరిస్తే ఏం జరుగుతుందో పక్క ఊరి బ్రాంచిలో తేలింది. ఒక రైస్‌మిల్లు ఖాతాలో వాయిదా తప్పింది. మిల్లులో సరుకు నిల్వ కూడా పుస్తకంలో ఉన్నంత లేదని మేనేజరు కంటపడింది. వెంటనే చెబితే పార్టీని పిలిపించి ఏదో ఒక దారి చూడొచ్చు. ఆయన ఫోన్ చేశారు, సారుకి కాదు, అటెండరుకి. “టీ వెనక్కి పంపారండీ.” మర్నాడు చేశారు, అమ్మగారు ఫోన్ చేశారట. ఆ తర్వాత క్వార్టర్ ముగింపు, ఆ పైన ఆడిట్. తలుపు మెల్లగా పడిన రోజు వచ్చేసరికి ఖాతా ఎన్‌పీఏ అయి కూర్చుంది. “నాకు ముందే ఎందుకు చెప్పలేదు?” అని సారు వేసిన కేక కింద పార్కింగులోకి వినబడింది.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలికి ఇదే విషయం ఆసుపత్రుల్లో తలకిందులుగా దొరికింది. మంచి జట్లలో మందులిచ్చేటప్పుడు పొరపాట్లు తక్కువుంటాయని ఆమె అంచనా. లెక్క తీస్తే, మంచి పెద్దనర్సు ఉన్న వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడి నర్సులు జరిగినదాన్ని భయం లేకుండా చెబుతున్నారు, హడలెత్తించే వార్డుల్లో దాస్తున్నారు. ఆ పరిశోధన 1996లో అచ్చయింది. నమోదైన తప్పుల లెక్కే చూస్తే, మన సారు రీజియన్ ఏ తప్పూ జరగని స్వర్గం.

పెద్దపెద్ద కంపెనీలకీ ఈ గతి తప్పలేదు. 2011 ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో వోక్స్‌వాగన్ అధినేత మార్టిన్ వింటర్‌కోర్న్ హ్యుందాయ్ వాళ్ళ స్టాల్‌కి వెళ్ళి, ఐ30 కారెక్కి స్టీరింగుని కిందికీ పైకీ కదిపారు. కిరుక్కుమనలేదు. అక్కడే తన డిజైన్ అధిపతిని పిలిచి, వాళ్ళకి చేతనైంది మనకెందుకు చేతకాలేదని నిలదీశారు. ఆ వీడియో లోకమంతా చూసింది. 2015 సెప్టెంబరులో అదే కంపెనీ డీజిల్ కార్లలో కాలుష్య పరీక్షల్ని మోసగించే సాఫ్ట్‌వేర్ ఉందని అమెరికా ప్రభుత్వం బయటపెట్టింది. అలాంటి కార్లు ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షలు. తనకు తెలిసి తన వైపు తప్పేమీ లేదంటూ వింటర్‌కోర్న్ వారం తిరక్కుండానే రాజీనామా చేశారు. సమస్యల్ని దాచకుండా పైవాళ్ళకి చెప్పుకోగలిగే వాతావరణం కావాలని కంపెనీలోని కార్మిక నాయకుడు ఉద్యోగులకు రాసిన లేఖలో కోరారు. వింటర్‌కోర్న్ మాటే నిజమనుకుంటే, స్టీరింగు కిర్రుని పట్టేసే చెవికి కోటీ పది లక్షల ఇంజన్ల సంగతి చేరనే లేదన్నమాట.

గుగ్గిలం సారుకి ఈ కథ చెబితే స్టీరింగు దగ్గరే ఆపేస్తారు. “అదీ పట్టంటే!”

అరుపు చెవి దగ్గర ఆగదు, చేతుల్లోకీ దిగుతుంది. ఇజ్రాయెల్‌లో నవజాత శిశువులకు వైద్యం చేసే 24 జట్లను ఒక బొమ్మ శిశువు మీద పరీక్షించారు. కొన్ని జట్లకు విదేశీ నిపుణుడి చేత మామూలు మాటలు చెప్పించారు, మిగతావాటికి ఇక్కడి వైద్యం నాసిరకమన్నట్టు రెండు పుల్లవిరుపు మాటలు అనిపించారు. తిట్టు కూడా కాదు, ఎత్తిపొడుపు. ఆ మాట పడ్డ జట్లు రోగాన్ని పోల్చడంలోనూ, చికిత్స చేయడంలోనూ వెనకబడ్డాయని 2015లో వెలువడిన ఫలితాలు చెప్పాయి. స్వీడన్‌లో 3,122 మంది మగ ఉద్యోగుల్ని ఏళ్ళ తరబడి గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మంచి పైఅధికారి ఉన్నవాళ్ళకి గుండెజబ్బు ముప్పు తక్కువని తేలింది. ఒకేచోట ఎక్కువకాలం పనిచేసినవాళ్ళలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపించింది. సారు రీజియన్లో ఈ అధ్యయనం ఎవరూ చదవలేదు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపులో తిప్పడం మొదలయ్యే మేనేజర్లు, కొత్తగా బీపీ మాత్రల పేర్లు ఒకరికొకరు చెప్పుకునే ముప్పైయేళ్ళ కుర్రాళ్ళు మాత్రం ఉన్నారు. ఇంట్లో పిల్లాడు లెక్క తప్పు చేస్తే “సిగ్గుండాలి!” అని తమ నోటినుంచే వచ్చాక ఉలిక్కిపడినవాళ్ళూ ఉన్నారు.

“నా నోరు చెడ్డదే గానీ మనసు వెన్న” అంటారు సారు. అబద్ధం కాదు. అటెండరు కూతురి పెళ్ళికి పదివేలు చేతిలో పెట్టారు. తిట్టిన మేనేజరుని సాయంత్రం పిలిచి సమోసా తినిపిస్తారు. ఆ సమోసా తింటూ అతను చూసేది సారు మొహం వంక కాదు, తలుపు వంక.

ఆమధ్య హెడ్డాఫీసు హెచ్చార్ వాళ్ళు పైఅధికారి మీద అభిప్రాయాలు చెప్పమని ఓ ఫారం పంపారు. పేర్లు పూర్తిగా గోప్యమన్నారు. మొదటి గడిలో ఉద్యోగి నంబరు తప్పనిసరి. నలభై మందికి నలభై మందీ ఐదుకి ఐదు వేశారు. సారు ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. అంతటి ప్రజాదరణ చూసి హెడ్డాఫీసు ఊరుకుంటుందా? ప్రమోషన్ మీద వేరే రాష్ట్రానికి వేసింది.

ఆర్డరు వచ్చిన మధ్యాహ్నమే ఆ ఊరి ఆఫీసు నుంచి సారు పీఏకి ఫోన్. అవతల గొంతు బాగా తగ్గించి అడిగింది: “సారు ఎలాంటివారండీ?”

“దేవుడండీ,” అన్నాడు పీఏ.

“ఎప్పుడు రిలీవ్ చేస్తారు?”

“మీరు ఊఁ అంటే ఈ సాయంత్రమే.”