రెండో భాగం వదిన

ప్రేమ నవల మొదటి భాగం నచ్చితే రెండోది కొనుక్కుని చదివేవాళ్ళు మామూలు పాఠకులు. రెండోది చదివి, రచయిత్రిని నోటికొచ్చినట్టు తిట్టి, ఇక ఆవిడ పుస్తకం ముట్టుకుంటే ఒట్టని చెప్పి, మూడోదానికి అది విడుదల కాకముందే ఆర్డరు పెట్టేవాళ్ళు వేరే జాతి. చుట్టాల్లో వెతికితే ఒకరైనా దొరుకుతారు. మాకు మా పెద్దొదిన ఉంది.

వదిన పెరిగింది అద్దె లైబ్రరీ నవలల మీద. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో రాజశేఖరం ఆవిడకు మా అన్నయ్య కంటే ముందునుంచీ పరిచయం. 1976లో వచ్చిన సినిమా సంగతెత్తితే, “నాగేశ్వరరావు బాగానే చేశాడు గానీ, మన రాజశేఖరం కాదు” అంటుంది. ఆ ‘మన’లో అన్నయ్య లేడు. జయంతీ అతనూ ఒకటవడంతో నవల ఆగిపోయింది. ఆ తర్వాత అతను తడి తువ్వాలు మంచం మీద పడేశాడో, కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసేశాడో ఎవరికీ తెలీదు. అందుకే ఇన్నేళ్ళయినా చెడిపోకుండా ఉన్నాడని వదిన సిద్ధాంతం. అందులో నిజం లేకపోలేదు.

చిక్కంతా కూతురు కాలేజీలో చేరి ‘ట్విలైట్’ ఇంటికి తెచ్చాక మొదలైంది. 2005 నాటి ఆ మొదటి పుస్తకాన్ని వదిన రెండు రాత్రుల్లో నమిలేసింది. హీరో రక్తం తాగే జాతివాడైనా సర్దుకుంది, “మనిషి నెమ్మదస్తుడు” అని. రెండో పుస్తకం ‘న్యూ మూన్’లో ఆ నెమ్మదస్తుడు మొదట్లోనే హీరోయిన్‌ను వదిలేసి పోయి మళ్ళీ చివరెక్కడో గానీ కనపడడు. “హీరో లేకుండా నవలేమిటయ్యా, డబ్బులు పూర్తిగా తీసుకున్నారుగా!” అని అన్నయ్యను నిలదీసింది. నాలుగోదానికొచ్చేసరికి, అంతకుముందు దాకా హీరోయిన్ కోసం పడిచచ్చిన జేకబ్ ఆమె కన్న పసిబిడ్డతో జన్మబంధం కుదుర్చుకున్నాడు. వదిన పుస్తకం మూసి, వేళ్ళ మీద వరసలు కట్టింది. “నిన్నటిదాకా తల్లి వెంట తిరిగినవాడు ఇవాళ అల్లుడా? ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?” ఆ రాత్రి ఇంట్లో అందరికీ ఉప్మా.

‘మీ బిఫోర్ యూ’ చివర హీరో పోతే వదిన సొంత తమ్ముడు పోయినట్టు ఏడ్చింది. అది 2012 పుస్తకం. 2015లో ‘ఆఫ్టర్ యూ’ వస్తే, పోయినవాడికి పదహారేళ్ళ కూతురొకతి ఉందనీ, ఆ సంగతి అతనికే తెలీదనీ బయటపడింది. “పోయిన మనిషి మీద ఇప్పుడా నిందలు? వచ్చి సంజాయిషీ చెప్పుకోలేడనేగా!” అంది.

రచయిత్రుల కష్టమూ చూడాలి. ప్రేమకథ నడిచేదే అడ్డంకి మీద. మొదటి భాగం చివర అడ్డంకులన్నీ ఊడ్చేసి జంటను కలిపేశాక, రెండో భాగానికి కొత్తది ఎక్కణ్ణుంచి తెస్తారు? అపార్థం, పాత ప్రియురాలు, జ్ఞాపకం పోవడం, ఎవరికీ తెలియని బిడ్డ. సరుకు అంతే. లేదా ఆ జంటను వదిలేసి, ఆ ఇంట్లో మరొకరికి పెళ్ళి చెయ్యాలి. జూలియా క్విన్ ఆ పనే చేసింది. ఆంథొనీ నుంచి హయసింత్ దాకా ఇంగ్లీషు అక్షరమాల వరసలో పేర్లు పెట్టిన ఎనిమిది మంది బ్రిడ్జర్టన్లకు 2000 నుంచి 2006 దాకా ఎనిమిది పుస్తకాల్లో సంబంధాలు కుదిర్చింది. “మనం ఇద్దరికి చెయ్యడానికే నడుం విరిగింది” అని వదిన మెచ్చుకుంది కూడా. కానీ మొదటి పుస్తకంలో పులిలా తిరిగిన డ్యూకు, రెండోదాంట్లో బావగారి హోదాలో వచ్చి బావమరుదులతో పచ్చికలో బంతులాట ఆడుకుంటున్నాడు. అది మాత్రం వదిన ఇప్పటికీ జీర్ణించుకోలేదు.

ఓర్చుకోవడానికి ఆవిడకు పద్ధతులున్నాయి. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద ఓ సిరీస్ మొదటి భాగం ఒక్కటీ దొరక్క, రెండోది మాత్రం నాలుగైదు కాపీలు మడత నలక్కుండా పడున్నాయంటే అర్థమేమిటో ఆవిడకు బాగా తెలుసు. తెలిసే కొంటుంది, ముప్ఫై రూపాయలకేం పోయిందని. కథ ఎక్కడ చెడిందనిపిస్తే అక్కణ్ణుంచి చివరిదాకా పేజీలన్నీ కలిపి, అన్నయ్య ఆఫీసు కాగితాలకు పెట్టుకునే నల్ల క్లిప్పు బిగించేస్తుంది. వదిన లెక్కన ఆ పుస్తకం అక్కడితో అయిపోయింది. అలాంటిదొకటి తీసి చూశాను. క్లిప్పుకు ముందు పేజీలో, అడుగున ఖాళీ జాగాలో, పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాలు: ‘ఇద్దరూ సుఖంగా ఉన్నారు. ఇంకేమీ జరగలేదు.’

కొలీన్ హూవర్ ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’ 2016లో వచ్చింది. పాఠకులు పట్టుబడితే 2022లో దానికి తరువాయి రాసింది. “మీలాంటివాళ్ళు అడగబట్టే కదా వదినా రాసింది?” అన్నాను.

“అడిగితే రాసేస్తుందా? మా పిల్లలు అడిగిందల్లా మేం కొనిచ్చామా?”

మొన్న కింద వాటా అమ్మాయి, తీసుకెళ్ళిన నవల తిరిగివ్వడానికొచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగింది. “ఆంటీ, దీనికి తర్వాతి భాగం ఉందా?”

“లేదమ్మా. ఆవిడ అక్కడితో ఆపేసింది.”

ఆ అమ్మాయి ఫోను తిప్పి చూపించింది. ఇంకా మూడున్నాయి. ముందు గదిలో నేను కూర్చున్న సోఫా మీద ఆ మూడోది బోర్లా పడుంది, మధ్యలో వదిన కళ్ళజోడుతో సహా. దాన్ని దిండు కిందకు తొయ్యమని వదిన నాకు వెనక నుంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

“అవి వేరే ఆవిడ రాసిందమ్మా. పేర్లు కలిశాయంతే.”