పెద్దాయన, కొత్తల్లుడు

స్వారీ నేర్చుకునేవాళ్ళ మధ్య ఒక వింత మర్యాద నడుస్తుంటుంది. "మీ గుర్రం ఎలా ఉంది?" అని అడిగితే "చాలా మంచిదండీ, చెప్పిన మాట వింటుంది" అని ఎవరూ అనరు. అలా అనడం పరువు తక్కువ. "అబ్బో, మహా మొండిది, నిన్న నన్ను కంచె మీదికి విసిరేయబోయింది" అనాలి. అప్పుడు వినేవాళ్ళ కళ్ళల్లో గౌరవం పొంగుతుంది. దుబాయిలో నేను వెళ్ళే క్లబ్బులో క్లాసయ్యాక అందరం కరక్ చాయ్ దగ్గర చేరితే, ఎవరి గుర్రం ఎంత దుర్మార్గురాలో చెప్పుకోవడంతోనే కప్పులు ఖాళీ అవుతాయి. నెమ్మదైన గుర్రం ఎక్కినవాళ్ళు మూల కూర్చుని, బూట్లు విప్పుకుంటూ, ఏమీ మాట్లాడరు. నా కుర్చీ ఎక్కువగా ఆ మూలనే ఉంటుంది.

మాది రాజమండ్రి. మా వంశంలో గుర్రమెక్కిన వీరుడు మా బాబాయి ఒక్కడే. అదీ పెళ్ళి ఊరేగింపులో, అటొకరూ ఇటొకరూ పట్టుకుంటే. నలభై దాటిన నేను జీనెక్కడానికి కారణం సాహసం కాదు. మా అమ్మాయిని చేర్పిస్తే అది కొన్నాళ్ళు వెళ్ళి "బోర్ అమ్మా" అని మానేసింది. కట్టిన ఫీజు వెనక్కి రాదన్నారు. మధ్యతరగతి మనిషికి అంతకన్నా గట్టి ప్రేరణ ఇంకేం కావాలి?

క్లబ్బులో గుర్రాలన్నిటికీ గంభీరమైన అరబ్బీ పేర్లు. నాకు నోరు తిరక్క ఇద్దరికి సొంత పేర్లు పెట్టుకున్నాను. ఒకరు పెద్దాయన. తెల్లని గుర్రం, వయసు ఇరవై దాటింది, దుబాయి జనాభాలో సగం మందికి స్వారీ నేర్పిన ముఖం. రెండోవాడు కొత్తల్లుడు. పందేల నుంచి రిటైరైన థరోబ్రెడ్. గుర్రప్పందేల దేశం కాబట్టి ఇలాంటి విశ్రాంత ఉద్యోగులు ఇక్కడి స్వారీ బడుల్లో చాలామందే కనిపిస్తారు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటారు. పెద్దాయనకు ఆ మూడోది కూడా దండగే. అరీనా మూలల దాకా వెళ్ళడం ఆయన దృష్టిలో దుబారా ఖర్చు. నలుచదరంగా తిరగమంటే కోడిగుడ్డు ఆకారంలో తిరిగొస్తాడు. టీచరు వీపు అటు తిరగ్గానే నడకలోకి దిగిపోతాడు, ముఖం ఇటు తిరిగేసరికి మళ్ళీ ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో, ఉంటాడు. అసలు "ట్రాట్" అనే మాట ఆవిడ నోట్లోంచి ఊడిపడగానే బయల్దేరేస్తాడు. నేను నడుం నిటారు చేసి, పగ్గాలు సరిచూసుకుని, మడమ నొక్కుదామనుకునే లోపల మేం సగం చుట్టు పూర్తిచేసి ఉంటాం. చూసేవాళ్ళకు మాత్రం అదంతా నా మడమ మహిమ. క్లాసు ముగిసే వేళకు, ఎవరూ చెప్పకుండానే, అరీనా మధ్యకు వెళ్ళి నిలబడిపోతాడు. ఒక్క నిమిషం ఓవర్‌టైం చేయడు.

1949లో కీలుగుర్రం సినిమా వచ్చిన దగ్గర్నుంచీ మన బుర్రల్లో గుర్రమంటే కీలు తిప్పితే కదిలేది. పెద్దాయన దగ్గర ఏ కీలు తిప్పినా వచ్చే ఫలితం ఒకటే, ఆయన ముందే అనుకున్నది.

ఇక కొత్తల్లుడు. సంక్రాంతికి అత్తారింటికి వచ్చినవాడిలా అన్నిటికీ అలకే. పొట్ట కింద పట్టీ బిగిస్తే చెవులు వెనక్కి పడతాయి. రికాబులో కాలు పెడితే రెండడుగులు పక్కకు జరుగుతాడు. ఎక్కాక ముందుకు నడవడానికి బతిమాలించుకుంటాడు, నడక మొదలయ్యాక ఆగడానికి బతిమాలించుకుంటాడు. పందేలు జరిగే మైదాన్ ట్రాక్ మీద పరుగంతా ఎడమచేతి వాటమే. అందుకేనేమో ఎడమకు ఇట్టే తిరుగుతాడు, కుడికి తిరగాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి.

అన్నిటికన్నా చిక్కు పగ్గాల దగ్గర. భయపడ్డ మనిషి చేతులు ఏం చేస్తాయి? గుంజుతాయి. ఆగమని మన భావం. కానీ పందెంలో జాకీ పగ్గాలు బిగపట్టుకుంటే గుర్రం కళ్ళెం మీదికి వాలి మరింత ఉరకడం నేర్చుకుంటుంది. కాబట్టి నేను ప్రాణభయంతో గుంజేకొద్దీ "ఈవిడెవరో గెలవాలనుకుంటోంది" అని అతను ఉత్సాహపడిపోతాడు. ఈ రహస్యం నాకు చెప్పింది టీచరు కాదు, గుర్రాల్ని చూసుకునే నిజామాబాద్ తమ్ముడు. కంచె అవతల నుంచి కేకేశాడు: "అక్కా, పగ్గం గుంజకుండ్రి! గుంజితె ఉర్కుతడు. రేసుల గట్లనే నేర్పిండ్రు వానికి!" పగ్గం వదిలితే గుర్రం ఆగుతుందన్న మాట నమ్మడానికి ఎంత వేదాంతం కావాలో, పరిగెడుతున్న గుర్రం మీద కూర్చుంటే గానీ తెలియదు.

గుర్రం కళ్ళు తలకు రెండువైపులా ఉంటాయి. ముక్కు ముందు కొంచెం, తోక వెనక కొంచెం మినహా దాదాపు చుట్టూ కనిపిస్తుంది. కొత్తల్లుడికి ఆ కనిపించేదంతా అనుమానాస్పదమే. ఎగిరే ప్లాస్టిక్ సంచీ, గడ్డికి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లరు, నిన్న లేని కుర్చీ, నిన్న ఉండి ఇవాళ లేని కుర్చీ. ఓ చలికాలం ఉదయం గుర్రాలతో ఇసుకలోకి వెళితే ఎదురుగా పందెపు ఒంటెల వరస వచ్చింది. ఇక్కడ ఒంటె పందేల్లో పిల్లల్ని ఎక్కించడం నిషేధించాక, 2005 నుంచి రోబో జాకీలు దిగాయి. రంగు చొక్కా తొడిగిన చిన్న డబ్బా, దానికో గిరగిరలాడే కొరడా. ఒంటెనే నమ్మని జీవానికి ఈ దృశ్యం చూపిస్తే ఏమవుతుంది? పెద్దాయన మీద ఉన్న ఓ పదేళ్ళ పిల్ల ఒంటెలకు చెయ్యి ఊపింది. పెద్దాయన ఓ ఎండుటాకు వాసన చూస్తున్నాడు. నేను అప్పటికే చాలా దూరంలో ఉన్నాను, వ్యతిరేక దిశలో.

ఆ రోజు నా వాచీ గుండె వేగం నిమిషానికి 170 చూపించింది. గుండె వేగం కూడా గుర్రప్పందేల్లో లెక్కలోకి వస్తుందని తర్వాత తెలిసింది. అబూధాబీలో అల్ వత్బా, దుబాయిలో సీహ్ అల్ సలామ్, ఈ రెండు చోట్లా ఎడారిలో ఎండ్యూరెన్స్ పందేలు జరుగుతాయి, పెద్దవి 160 కిలోమీటర్ల దాకా. పరుగు దశలు దశలుగా ఉంటుంది. దశ పూర్తయ్యాక పశువైద్యులు గుర్రం గుండె చూస్తారు. నిర్ణీత సమయంలోపల, సాధారణంగా, నిమిషానికి 64కు దిగాలి, దిగకపోతే పందెంలోంచి ఔట్. పైగా చివరిది తప్ప ఏ దశకైనా గడియారం ఆగేది గుర్రాన్ని పరీక్షకు అప్పగించినప్పుడే. ఎంత వేగంగా దూసుకొచ్చినా, వచ్చాక కంగారుపడే గుర్రం సంపాదించిన నిమిషాలన్నీ అక్కడే పోగొట్టుకుంటుంది. అంటే ఎడారిలో నెమ్మదితనం కూడా పందెం సరుకే. మా చాయ్ బల్ల దగ్గర ఈ సంగతి ఎవరూ ఎత్తరు. రౌతుల గుండె చూసే పద్ధతి లేదు కాబట్టి సరిపోయింది.

వేగానికైతే ఇక్కడ విలువకు లోటేం లేదు. 1996లో మొదలైన దుబాయి వరల్డ్ కప్ బహుమతి మొత్తం కోటీ ఇరవై లక్షల డాలర్లకు చేరింది. పందెం కాయడానికి మాత్రం వీల్లేదు. మలక్‌పేట రేసుకోర్సులో సగం జీతం ధారపోసిన మా మావయ్య ఇక్కడికొచ్చి, ఆ వైభవమంతా చూసి, "మరి ఇవి ఎందుకు పరిగెడుతున్నాయే?" అని అడిగాడు.

ఈ సముద్రం మీదుగా గుర్రాలు మనవైపు రావడం పాత కథే. ఇక్కడికి దగ్గర్లోని హొర్ముజ్ నుంచి విజయనగరానికి ఓడల్లో గుర్రాలు దిగేవి. సాళువ నరసింహరాయలు వెయ్యి పర్దావు నాణేలకు మూడేసి చొప్పున, బతికినవైనా చచ్చినవైనా కొనేవాడట. దారిలో చచ్చినవాటికి తోక తెచ్చి చూపిస్తే చాలు, పూర్తి ధర ఇచ్చేవాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. రౌతును ఇబ్బందిపెట్టని గుర్రానికి రొక్కం చెల్లించిన రాజు నాకు తెలిసి ఆయనొక్కడే.

స్వారీ బడుల్లో నెమ్మది గుర్రానికి విలువ లేదన్నదే నా ఫిర్యాదు. మొండి గుర్రం మీద నిలబడితే ఘనత మనది. నెమ్మదైన గుర్రం మీద నిలబడితే ఘనత ఎవరిదీ కాదు. రోజుకో కొత్త మనిషి వీపు మీద బియ్యం మూటలా ఎగిరెగిరి పడుతుంటే, పగ్గాలు పట్టుకుని వేలాడుతుంటే, ఒక్కసారి కూడా విసుక్కోని ఆ ఓర్పుకు ఏ కప్పూ లేదు. అది ఓర్పని కూడా ఎవరూ అనరు, బద్ధకమంటారు. ఇంట్లో మాట వినే పిల్లకు పని, వినని పిల్లాడికి బతిమాలడం దక్కే లెక్క లాయంలోనూ ఉంది.

ఇంతా చెప్పి, కొత్తల్లుడంటే ఇష్టం లేదా అంటే ఉంది. ఎప్పుడో ఒక సాయంత్రం అలక మరిచిపోయి, చెవులు ముందుకు పెట్టి, కుడివైపు కూడా తిరిగి, క్యాంటర్ అనే సాఫీ పరుగు ఇస్తాడు. ఆ వారమంతా నేను ఆఫీసులో ఇన్‌వాయిసులు చూస్తున్నా మనిషిని జీను మీదే ఉంటాను. పెద్దాయన రోజూ ఇచ్చేదాన్ని ఇతను పండక్కి ఇస్తాడు, అయినా గుర్తుండేది పండగే.

ఫొటోల్లో మాత్రం పెద్దాయనకు తిరుగులేదు. కొత్తల్లుడి ప్రతి ఫొటోలోనూ ఒక తోకా, సగం నేనూ, మిగతా అంతా మసక. పెద్దాయన నిలబడి కునుకు తీస్తుంటే ఆ గంభీరత చూడాలి. అలా తీసిన ఓ ఫొటో రాజమండ్రి వాట్సాప్ గ్రూపులో పెడితే, మా పెద్దత్త "రుద్రమదేవిలా ఉన్నావే" అంది. రుద్రమదేవి గుర్రం గురక పెడుతోందని నేను చెప్పలేదు.

మొన్న నిజామాబాద్ తమ్ముణ్ణి అడిగాను, ఇద్దరిలో ఎవరు మంచివాడని. వేసవి కదా, రాత్రి తొమ్మిదింటికి కూడా ఉక్క. అతను ఏసీ ఉన్న లాయంలో గడ్డి సర్దుతున్నాడు.

"మీరెక్కేది గంట సేపక్కా. మిగిలిన ఇరవైమూడు గంటలు నాతోనే ఉంటయి. పెద్దాయన మస్తు సతాయిస్తడు. దాణా ఆలస్యమైతె బుక్కెట్ తంతడు, లాడం కొట్టెటప్పుడు మీద ఒరుగుతడు, రాత్రంత తలుపు కొడ్తడు. కొత్తల్లుడే పసిపిల్ల. నా భుజం మీద తలకాయ పెట్టి నిద్రపోతడు."

నా సిద్ధాంతమంతా గడ్డిలో కలిసింది. అయినా వదల్లేదు. "సరే తమ్ముడూ, ఊరికి ఒకదాన్ని తీసుకుపొమ్మంటే ఏది తీసుకుపోతావు?"

అతను ఆలోచించను కూడా లేదు. "ఊరికి పోతె బర్లు కొంటక్కా. అవి పాలిస్తయి. ఇవేమిస్తయి, ఫొటోలు తప్ప?"