నాలుగో స్థానమే నయం

అమెరికాలో ఫిగర్ స్కేటర్ ఒలింపిక్స్‌కి వెళ్లాలంటే జాతీయ పోటీల్లో మొదటి మూడు స్థానాల్లో ఉంటే చాలని ప్రేక్షకులు నమ్ముతారు. పాపం, టికెట్ కొన్నవాళ్లు కదా! మార్కులు దశాంశాలతో సహా తెర మీద పడుతుంటే జట్టు కూడా అక్కడే తేలిపోయిందనుకుంటారు. అసలు పోటీ ఆ తర్వాత తలుపులేసిన గదిలో మొదలవుతుంది. అందులో స్కేట్లు కట్టుకోనక్కర్లేదు.

2014 జనవరి, బోస్టన్. మహిళల విభాగంలో మూడు బెర్తులున్నాయి. గ్రేసీ గోల్డ్ మొదటి స్థానం, పదిహేనేళ్ల పొలీనా ఎడ్మండ్స్ రెండు, మిరాయ్ నగాసు మూడు. ఆష్లీ వాగ్నర్ ఫ్రీ స్కేట్‌లో రెండుసార్లు మంచు మీద పడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. మర్నాడు జాబితా వచ్చింది: ఒకటి, రెండు, నాలుగు.

జట్టును ఎంపిక చేసే కమిటీ వాదనలో పస లేకపోలేదు. ఒక దేశపు ఉత్తమ ఇద్దరి ప్రపంచ చాంపియన్‌షిప్ స్థానాలు కలిపితే 13 దాటకూడదు, అప్పుడే మూడు బెర్తులు. 2013లో వాగ్నర్ అయిదు, గోల్డ్ ఆరు, మొత్తం పదకొండు. అంటే నగాసు ఆశపడ్డ మూడో బెర్తు వాగ్నర్ సంపాదనే. పైగా డిసెంబరులో గ్రాండ్ ప్రి ఫైనల్లో వాగ్నర్‌కు కాంస్యం. దీన్నంతా కలిపి అక్కడ ‘బాడీ ఆఫ్ వర్క్’ అంటారు. పిల్ల పాట బాగానే పాడింది, కానీ వంశం సంగతి కూడా చూడాలిగా అన్నట్టన్నమాట. అప్పటికే టీవీ ప్రకటనల్లో వాగ్నర్ ముఖం వెలిగిపోతోంది. దాన్నీ ఎంపికనూ ముడిపెట్టినవాళ్లు గిట్టనివాళ్లే అయ్యుంటారు.

ఆ సాయంత్రం ఎగ్జిబిషన్‌లో నగాసు కళ్లనీళ్లతోనే స్కేట్ చేసింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్లకు బెర్తులివ్వరు.

సోచి ఒలింపిక్స్‌లో వాగ్నర్ ఏడో స్థానంలో నిలిచి కమిటీ పరువు కాపాడింది. చిక్కంతా అక్కడే. కమిటీ ఎంపిక తరచూ ఫలిస్తుంది కూడా. 1994లో డెట్రాయిట్‌లో మోకాలి పైన దెబ్బ తిని, జాతీయ పోటీలో అడుగే పెట్టని నాన్సీ కెరిగన్‌ను పంపితే రజతం తెచ్చింది. రెండో స్థానంలో నిలిచిన పదమూడేళ్ల మిషెల్ క్వాన్ రిజర్వులో కూర్చుంది. ప్రతిసారీ ఫలించదనుకోండి. 2006లో అదే క్వాన్ గాయంతో జాతీయ పోటీలకు రాలేదు. అయిదుగురి బృందం ఆమె సాధన చేసే రింకుకే వెళ్లి, చూసి, సరేనంది. టూరిన్ చేరాక ఆమె తప్పుకుంది. ఎమిలీ హ్యూస్ హడావిడిగా విమానమెక్కింది.

నియమాలు ముద్రించే ఉన్నాయి, ఎవరూ దాచలేదు. మరలాంటప్పుడు జాతీయ పోటీలను ఒలింపిక్ ఎంపిక అన్నంత ఉత్కంఠతో చూపించడమెందుకు? జపాన్‌లో కనీసం జాతీయ చాంపియన్‌కు బెర్తు ఖాయం. మిగతావాళ్ల విషయంలోనే లెక్కలు తీస్తారు.

2018లో శాన్‌హోసేలో వింత రెట్టింపైంది. పురుషుల్లో రాస్ మైనర్ రెండో స్థానం, ఆడమ్ రిపన్ నాలుగు. రిపన్ వెళ్లాడు, మైనర్ ఇంటికెళ్లాడు. మహిళల్లో నగాసు ఈసారి రెండో స్థానం, వాగ్నర్ మళ్లీ నాలుగు. నాలుగో స్థానం ఏమిస్తుందో ఆమెకు తెలియనిది కాదు, కానీ అదృష్టం ఆ వారం మగవాళ్ల విభాగంలో ఉండిపోయింది. ఆమె జట్టులో లేదు. నగాసు వెళ్లింది, ఒలింపిక్స్‌లో ట్రిపుల్ యాక్సెల్ జంప్ వేసిన తొలి అమెరికన్ మహిళ అయింది.

2022లో నాష్‌విల్‌లో పదిహేడేళ్ల ఇలియా మాలినిన్ రెండో స్థానంలో నిలిచాడు. నాలుగో స్థానంలో ఉన్న జేసన్ బ్రౌన్‌ను బీజింగ్ పంపారు. బ్రౌన్ అక్కడ ఆరో స్థానం తెచ్చాడు, కాబట్టి కమిటీని అనడానికేమీ లేదు. మాలినిన్ మాత్రం సెప్టెంబరులో లేక్ ప్లాసిడ్‌లో, పోటీలో అంతవరకూ ఎవరికీ సాధ్యంకాని క్వాడ్రపుల్ యాక్సెల్ వేశాడు. అదేదో జనవరికి ముందే వేసి ఉంటే ఫైల్లో ఒక కాగితం పెరిగేది.