ఒక రేడియో ఆత్మకథ: రెండు రోజులు, అయిదు పోటీలు

ఈ కథ చెబుతున్నది ఐకామ్ 7300 అనే హామ్ రేడియో, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి నడిపే రేడియో. తనను తాను ‘ఈ రేడియో’ అనే చెప్పుకుంటుంది. పుట్టుక జపాన్‌లో. ఈ మోడల్ 2016లో అమ్మకానికి వచ్చింది. బరువు నాలుగు కిలోల పైచిలుకు, శక్తి 100 వాట్లు. ప్రస్తుత నివాసం అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఒక ఇంటి బేస్‌మెంట్ గది. యజమాని వారమంతా ఉద్యోగం చేసుకునే మనిషి. పెరట్లో రెండు చెట్ల మధ్య లాగి కట్టిన తీగే ఆయనకున్న యాంటెనా. టవర్ లేదు, యాంప్లిఫయర్ లేదు.

ఏడాది మొత్తంలో ఈ రేడియోకి అన్నిటికన్నా ఇష్టమైనది మే నెల మొదటి వారాంతం. అక్టోబరు చివర్లో జరిగే సీక్యూ వరల్డ్ వైడ్‌లో ప్రపంచమంతా ఒకే పోటీలో దిగుతుంది. మేలో అలా ఉండదు. శనివారం పొద్దున ఒహాయోలో ఎనిమిది కాగానే ఇటలీ హామ్‌ల సంఘం నడిపే ఏఆర్ఐ పోటీ మొదలవుతుంది. తొమ్మిదింటికి అమెరికా పడమటి రాష్ట్రాల సెవెన్ క్యూపీ, పదకొండింటికి ఇండియానా, మధ్యాహ్నం ఒంటిగంటకు డెలావేర్, సాయంత్రం నాలుగింటికి ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లాండ్. ఈ నాలుగింటినీ క్యూఎస్ఓ పార్టీలంటారు. ఆ ప్రాంతంలోని కౌంటీల నుంచి వీలైనన్ని స్టేషన్లను పలకరించి లాగ్‌లో రాసుకోవడమే ఆట. శనివారం సాయంత్రానికి అయిదూ ఒకేసారి నడుస్తుంటాయి.

ఒకే రేడియో, ఒకే తీగ, ఒకే మనిషి. అయిదింటికీ ఎలా సరిపోతారని ఎవరికైనా అనిపిస్తుంది. సగం జవాబు ఆకాశంలోనే ఉంది.

పగటిపూట 14 మెగాహెర్ట్జ్ తరంగం పైకి వెళ్లి, వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్‌ను తాకి, ఎక్కడో దూరాన దిగుతుంది. ఒహాయో నుంచి బయలుదేరితే ఆరెగాన్‌లోనో మోంటానాలోనో, కాదంటే అట్లాంటిక్ దాటి ఇటలీలోనో తేలుతుంది. సరిహద్దుకు ఆనుకునే ఉన్న ఇండియానా మాత్రం దానికి అందదు, తలమీదుగా దాటిపోతుంది. అదే 7 మెగాహెర్ట్జ్ అయితే పగలు నిటారుగా ఎగిరి, చుట్టుపక్కల రాష్ట్రాల మీదే వాలుతుంది. చీకటి పడ్డాక అది దూరాలకు సాగుతుంది, దగ్గరివాళ్లను 3.5 చూసుకుంటుంది. అంటే ఏ వేళకు ఏ పోటీ అన్నది గడియారం కన్నా ముందు ఆకాశమే పంచిపెడుతుంది. ఈ లెక్క తెలిసిన ఆపరేటర్‌కి అయిదు పోటీలు గందరగోళం కావు.

మిగతా సగం చేతిలోనూ చెవిలోనూ ఉంది. ఒక్కో పోటీ అడిగే సమాచారం ఒక్కోలా ఉంటుంది. క్యూఎస్ఓ పార్టీలో ఒహాయో మనిషి పంపాల్సింది సిగ్నల్ రిపోర్టూ రాష్ట్రం పేరూ: 599 ఓహెచ్. ఇటలీ వాళ్లకు రాష్ట్రంతో పనిలేదు, వరస నంబరు కావాలి: 599 023. అటునుంచి వాళ్లు రెండక్షరాల ప్రావిన్స్ పేరు పంపుతారు. బీఓ అంటే బొలోన్యా. ఆరెగాన్‌లోని డెషూట్స్ కౌంటీ స్టేషన్ అయితే రాష్ట్రాన్నీ కౌంటీనీ కలిపి ఓఆర్‌డీఈఎస్ అని అయిదక్షరాల్లో చెబుతుంది. తొమ్మిదికి మోర్స్‌లో నాలుగు డాష్‌లు, ఒక డాట్ కొట్టాలి. ఎన్‌కి ఒక డాష్, ఒక డాట్ చాలు. కనుక 599 గాలిలో అయిదు, ఎన్, ఎన్ అయిపోతుంది. పోటీల్లో అలా మిగిలే సెకన్లే మరో స్టేషన్‌కి పనికొస్తాయి.

శనివారం సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ఈ రేడియో తెర చూడాలి. సిగ్నళ్లను చూపే వాటర్‌ఫాల్ నిండా సన్నని గీతలు. ఒక్కో గీత ఒక్కో స్టేషన్. యజమాని ఒక గీత మీద వేలు పెడతాడు. ‘సీక్యూ టెస్ట్’, అంటే ‘పోటీలో ఉన్నాను, ఎవరైనా జవాబివ్వండి’ అని ఒక ఇటలీ కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) పిలుస్తోంది. జవాబిచ్చి, నంబరు పంపి, ప్రావిన్స్ రాసుకుంటాడు. పక్క గీతలో ‘సీక్యూ సెవెన్ క్యూపీ’. వెంటనే కీబోర్డు మీద రెండో లాగ్ తెరిచి ‘ఓహెచ్’ పంపుతాడు. తర్వాత బ్యాండ్ బటన్ నొక్కగానే 7 మెగాహెర్ట్జ్. ప్రతి బ్యాండ్‌లోనూ మూడేసి చోట్లను ఈ రేడియో గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి ఇండియానా వాళ్లను వదిలిన చోటికే నేరుగా దిగుతాడు. తానే సీక్యూ పిలుస్తూ కూర్చుంటే, వచ్చినవాడు ఏ పోటీ కోసం వచ్చాడో పోల్చుకోవడం కష్టం. వెతుక్కుంటూ వెళితే అవతలివాడి పిలుపులోనే పోటీ పేరు ఉంటుంది. 100 వాట్ల స్టేషన్‌కి ఇదే సరైన దారని ఈ రేడియో నమ్మకం.

ఆ రోజు ఈ రేడియో అన్నిటికన్నా ఆత్రంగా వెతికేది కార్లను. సెవెన్ క్యూపీ పరిధిలో ఎనిమిది రాష్ట్రాలు, 259 కౌంటీలు ఉన్నాయి. వాటిలో జనమే పలచగా ఉన్న కౌంటీలు చాలా. అక్కడ హామ్‌లు దొరకడమే అరుదు. అందుకని కొందరు కారుకు యాంటెనా బిగించి, ఊళ్లు లేని దారుల్లో కౌంటీ తర్వాత కౌంటీ తిరుగుతారు. రెండు కౌంటీల సరిహద్దు మీద బండి ఆపితే ఒక్క పలకరింపుకి రెండు కౌంటీలు లెక్కకొస్తాయి. కొత్త కౌంటీలోకి వెళ్లగానే అదే కాల్‌సైన్‌ను మళ్లీ పలకరించవచ్చు. పొట్టి యాంటెనా కాబట్టి సిగ్నల్ బలహీనం, పైగా నడుస్తున్న బండిలో ఊగిసలాట. ఇక్కడ యజమాని ఫిల్టర్‌ని 250 హెర్ట్జ్‌కి బిగిస్తాడు. హోరు తగ్గి, అడుగున సన్నగా ఒక కాల్‌సైన్ వినిపిస్తుంది. అయిదక్షరాలు తప్పు లేకుండా పట్టాలి, తన రెండక్షరాలు అటు చేరాలి. అంత దూరం వెళ్లి, అన్ని గంటలు బండి నడిపిన మనిషికి జవాబిచ్చేవాళ్లు లేకపోతే ఆ శ్రమకు అర్థమేముంది? మూడే కౌంటీలున్న డెలావేర్ పరిస్థితీ ఇంతే. పిలిచేవాళ్లు వస్తేనే దాని పార్టీ నిలబడుతుంది.

ఏదో ఒక పోటీకే కట్టుబడితే స్కోరు పెరుగుతుందనేవాళ్లున్నారు. మొదటి స్థానం కోసం ఆడేవాళ్ల విషయంలో ఆ మాట నిజమే. కాని చిన్న స్టేషన్ అయిదింటిలోనూ తిరిగితే అయిదు పోటీల వాళ్లకూ ఒక్కో జవాబు ఎక్కువ దొరుకుతుంది, ఆపరేటర్ చెవి కూడా పదునెక్కుతుంది. ఈ రేడియో ఓటు దానికే. పోటీల గోల వద్దనుకునేవాళ్లకూ చోటుంది: 10, 18, 24 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో పోటీలు పెట్టరు.

ఆదివారం తెల్లవారుజామున మూడింటికి సెవెన్ క్యూపీ ముగుస్తుంది, పొద్దున ఎనిమిదింటికి ఇటలీ. తొమ్మిది నుంచి న్యూ ఇంగ్లాండ్ రెండో విడత. రాత్రి ఎనిమిదికి అదీ డెలావేరూ కలిసే ఆగుతాయి. తర్వాత లాగ్‌లు ఏ పోటీవి ఆ పోటీకే విడిగా పంపాలి. నిర్వాహకులు పలకరించుకున్న ఇద్దరి లాగ్‌లనూ సరిచూస్తారు. కాల్‌సైన్‌లో ఒక్క అక్షరం తప్పినా ఆ పలకరింపుకి పాయింట్లు రావు.

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్లకు ఈ రేడియో ఒక మాట చెప్పాలనుకుంటోంది. అక్కడి హామ్ పరీక్ష రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు, వయసు పరిమితి లేదు. మొదటి మెట్టు టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలకు 26 సరిగ్గా రాస్తే చాలు. మోర్స్ పరీక్ష 2007లోనే ఎత్తేశారు. అయినా నేర్చుకోండి, ఆ లైసెన్స్‌తోనే 3.5, 7, 21 మెగాహెర్ట్జ్‌ల్లో మోర్స్ పంపవచ్చు. తెలుగునాట ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను అడగండి. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయవచ్చు. ఇటలీ పోటీలో ఎవరు ఎవరినైనా పలకరించవచ్చు. మన గడియారంలో అది శనివారం సాయంత్రం అయిదున్నరకు మొదలవుతుంది. లైసెన్స్ చేతికొచ్చాక వచ్చే మే నెలలో మీరూ పిలవండి.