ముందే కనిపెట్టిన మహానుభావులు

అమెరికా నవలాకారుడు స్కాట్ టురో తన కథానాయకుడగు రస్టీ సాబిచ్‌ను మూడవమారు న్యాయస్థానపు మెట్లెక్కించినది మొదలు, నాకు పరిచితులైన నవలాపాఠకులందఱును న్యాయాధిపతులై కూర్చుండిరి. ఒకరు ఐదు నక్షత్రములు ప్రసాదించిరి. మఱియొకరు ఒక్కటి విదిలించి, అదియు నధికమేయని నిట్టూర్చిరి. కథానాయకుడు సచ్ఛీలుడు కాడని ఒకరి కోపము. పుస్తకము బరువైనదని వేఱొకరి మొఱ. అభిరుచిభేదము లోకసహజము గనుక వీరితో నాకు తగవు లేదు.

నా తగవంతయు "హంతకుడెవరో నాకు 40వ పుటలోనే తెలిసిపోయినది" అను మహానుభావులతోనే. 1987లో వెలువడిన మొదటి నవల 'ప్రిజ్యూమ్డ్ ఇన్నొసెంట్' సైతము వీరికట్లే తేలిపోయినదట! షికాగోలో ఎనిమిదేండ్లు ప్రభుత్వపక్షమున వాదించి, సాక్షుల నిజానిజములు రెండును చవిచూచిన టురో, ఉద్యోగమునకు పోవు రైలులో కూర్చుండి, వేలిముద్రలున్న బీరు గ్లాసును, అది అవసరమైన వేళకు కానరాకపోవుటను, నివేదికలను, అబద్ధములను ఒకదానిపై నొకటి పేర్చి బిగించిన చిక్కుముడిని, మా మిత్రుడొకడు మంచముపై ఒత్తిగిలి, వేరుసెనగలు నములుచు విప్పివైచినాడు. "ఎట్లు కనిపెట్టితివయ్యా?" అని యడిగితిని. "మాటతీరు చూడగానే అనుకొంటినండీ" అనెను. సాక్ష్యమేదీ? "సాక్ష్యమెందులకండీ, తెలిసిపోవును గదా!"

పది పుటలకొకని చొప్పున కథలోని ప్రతివానిని అనుమానించి, తుదకు దొరికినవానిని మాత్రము జ్ఞాపకముంచుకొని, తక్కినవారిని సుఖముగా మఱచిపోవుటయే ఈ దివ్యదృష్టి రహస్యము. 2024లో ఆ నవలను ధారావాహికగా తీసినవారు హంతకునే మార్చివైచిరి. పుస్తకము చదివితినన్న ధీమాతో ఇంటిల్లిపాదికిని ముందుగానే పేరు చెప్పి కూర్చున్న మా మిత్రుడు, చివరి భాగము ముగిసిన పిదప, కనుబొమ యైనను కదల్పక, "ఇదియు నేననుకొన్నదే" అనెను. ఇట్టివానిని ఓడించు గ్రంథకర్త ఇంకను పుట్టలేదు.

కోర్టు నవలలో కోర్టు ఎక్కువైనదని వగచువారికి ఒక్క మాట: తాత వేసిన దావాకు మనుమడు వాయిదాలు తిరుగు దేశమున పుట్టి, ఒక్క పుస్తకములోనే తీర్పు వచ్చినందుకు సంతోషింపుడు.

ఇంతవఱకు నవ్వితిని, ఇక నవ్వు రాదు. ఈ నవలలు ఊహాశక్తికి పెట్టిన పరీక్షలు కావు. జూరీ నడుగునది హంతకుడెవరో ఊహింపుమని కాదు. ఎదుటనున్న ఈ మనిషిపై మోపిన నేరమును ప్రభుత్వపక్షము సహేతుకమైన సందేహమునకు తావులేకుండ ఋజువు చేసినదా యని. మిషిగన్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండిన జాన్ వోల్కర్, రాబర్ట్ ట్రావర్ అను మాఱుపేరుతో 1958లో ప్రకటించిన 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్'లో చంపినవాడెవడో ఆరంభముననే అందఱికిని తెలియును; అయినను గ్రంథమంతయు మిగిలియే యున్నది, ఏలయనగా తెలియుట వేఱు, నేరము నిలుచుట వేఱు. ఈ భేదము తెలియనివాడు నవల చదివిన నేమి, చదువకున్న నేమి!

మాటతీరు చూచి, మొగము చూచి, ఊరి పేరు విని "వీడే" అను అలవాటు మంచముపై పుస్తకముతోనే ఆగిపోయినచో నాకు చింత లేకపోవును. అది వీధిలోనికి వచ్చును, పత్రికలకెక్కును, ఠాణాకు పోవును. 2022 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారము మన చెఱసాలలలో నున్న ప్రతి నూర్గురిలో దాదాపు 76 మంది విచారణ ముగియనివారు. వారిలో ఎందఱిని గూర్చి ఎవడో ఒకడు, చూడగానే తెలిసిపోయినదని చెప్పియుండడు?

కావున పాఠకమహాశయులారా, నవల బాగులేదనుడు, సాగినదనుడు, నక్షత్రములన్నియు మీయొద్దనే దాచుకొనుడు. ముందే తెలిసిపోయినదని మాత్రము అనకుడు. అందురేని, ఏ పుటలో, ఏ సాక్ష్యమువలన తెలిసినదో చూపుడు.