అడ్డాకు దొన్నె ఆత్మకథ

విజయవాడ జంక్షన్‌లో అడ్డాకు దొన్నె ఆయుర్దాయం సుమారు పది నిమిషాలు. ఎక్స్‌ప్రెస్ బండి అంతకన్నా ఎక్కువసేపు ఆగితే దొన్నెకు అదృష్టం, తక్కువసేపు ఆగితే తినేవాడి నాలుకకు గండం. ఆత్మకథ అన్నాక ‘నేను’ అనడం ఆనవాయితీ. కానీ నూరేసి చొప్పున, ఒకదాంట్లో ఒకటి దూరి కట్టలుగా వచ్చే జాతికి ఆ మాట నోరు తిరగదు. అందుకని ఈ కథలో దొన్నె దొన్నెగానే ఉంటుంది.

పుట్టుక మన్యంలో. అడ్డతీగ పెద్ద చెట్లను పెనవేసుకుని కొమ్మల పైదాకా పాకుతుంది. ఆకు వెడల్పుగా, కొస దగ్గర రెండుగా చీలి, ఒంటె గిట్టలా ఉంటుంది. గిరిజన స్త్రీలు దాన్ని కోసి, ఎండబెట్టి, సంతకు తెస్తారు. వెదురు పుల్లలతో కుడితే విస్తరి, చిన్నగా మడిచి గుచ్చితే దొన్నె. తయారీ ఇంతే. ఆకు గుణం తెలిసేది ఎండిన తర్వాతే. నాలుగు చుక్కలు చిలకరిస్తే మెత్తబడుతుంది, పొగలు కక్కే ఇడ్లీ పడగానే అడవి వాసన వేస్తుంది, చట్నీని కాసేపు ఆపుతుంది. కాసేపు అంటే కాసేపే.

దొన్నెకు పని దొరికేది మజిలీల్లోనే. కృష్ణా డెల్టాలో అవి రైలుకన్నా చాలా పాతవి. బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ. 1605లో వచ్చిన డచ్చివారైనా, 1611లో వచ్చిన ఇంగ్లీషువారైనా ఓడను దూరాన లంగరు వేసి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరవలసిందే. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలవలు సాగాక ప్రయాణం వాటి మీదికి మారింది. కొమ్మమూరు కాలవ బకింగ్‌హాం కాలవను కలిసింది కాబట్టి మద్రాసుకూ పడవ దారే. లాకుల దగ్గర నీటిమట్టం సమానమయ్యేదాకా పడవ కదలదు. ఆపైన 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది, 1899లో మద్రాసు దారి కలిసింది. అప్పటినుంచి ఆగడమంటే ప్లాట్‌ఫారమే.

ఆ ఓడలు బయలుదేరిన ఐరోపా ఖండపు రేవుల్లో ఈనాటికీ ఇలా ఆగినంతసేపట్లో తినే తిండే ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేపను ముక్కలు కోసి, ఉల్లి తరుగు చల్లి, బండి దగ్గర నిలబడే తింటారు. హాంబర్గ్ రేవులో అదే చేపను చిన్న రొట్టె మధ్య పెట్టి చేతికిస్తారు. ఓడ దిగి నాలుగు గంటల్లో మళ్లీ ఎక్కాల్సినవారికి అది ఊరి రుచి. హాంబర్గులో రొట్టె చేసే పని విజయవాడలో దొన్నె చేస్తుంది. తేడా ఒక్కటే: రొట్టెను తింటారు, దొన్నెను విసిరేస్తారు.

విజయవాడలో బండి ఎక్కువసేపు ఆగడానికి కారణం ఉంది. హైదరాబాదు నుంచి కాజీపేట మీదుగా విశాఖ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లాంటివి ఇక్కడ దిశ మార్చుకుంటాయి. ఇంజను ముందు నుంచి ఊడి, వెనక తగులుకోవాలి. 1974లో ఆ బండి మొదలైంది మొదలు, ఇంజను అటునుంచి ఇటు వచ్చేలోపే దొన్నెల బేరం సాగుతూ వచ్చింది. వేడి ఇడ్లీ, పులిహోర, పెరుగన్నం ఉన్నా, దొన్నెకు ప్రాణం పునుగులే. మిగిలిన దోసెల పిండి పులిసి నూనెలో పడితే పునుగు. ఆ పులుపు ఒక్క రోజుది, ఇంకో ఊరికి మోసుకుపోలేరు.

పది నిమిషాలు ఇలా గడుస్తాయి. ఒకాయన కిటికీ ఊచల మధ్య నుంచి చెయ్యి చాచి, “బాబూ, నాలుగు ఇడ్లీ!” అంటాడు. “చిల్లరుందా అండీ?” అంటూనే అమ్మేవాడు దొన్నె తీసి, ఒక్కసారి విదిలించి, ఇడ్లీలు వేసి, చట్నీ గరిటె బోర్లిస్తాడు. ఊచల మధ్య పట్టక దొన్నెను పక్కకు వంచాలి. అక్కడ చట్నీ కారి చొక్కా మోచేతి మీద పడుతుంది. తప్పు దొన్నెదే అంటారు. ఊచలు బిగించినవారిని ఎవరూ ఏమీ అనరు. బండి కదులుతుంది, అమ్మేవాడు పక్కనే పరుగెత్తుతూ మిగతా చిల్లర అందిస్తాడు.

బందరు లడ్డుకు ఈ కష్టం లేదు. సెనగపిండి పూసను వేయించి, రోట్లో దంచి, బెల్లం పాకంతో మళ్లీ తొక్కి చేస్తారు కాబట్టి తొక్కుడు లడ్డు అన్న పేరు. రోజుల తరబడి నిలవ ఉంటుంది, అట్టపెట్టెలో ఊళ్లు తిరుగుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పునుగు తిని నాలుక కాల్చుకున్నవారు లడ్డు పెట్టెను ఒడిలో భద్రంగా పెట్టుకుంటారు.

ఏసీ బోగీల కిటికీలు తెరుచుకోవు. 2023లో మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్‌లో భోజనం సీటు దగ్గరికే వస్తుంది, దిగే పని లేదు. దిగినవారికీ ఇప్పుడు చేతికొచ్చేది ఎక్కువగా కాగితపు ప్లేటు. కొన్నిటి మీద పచ్చరంగుతో అరటాకు ఈనెలు అచ్చువేసి ఉంటాయి. ఆకును వద్దనుకుని ఆకు బొమ్మలో తినడం దొన్నెకు ఇప్పటికీ అర్థం కాని విషయం. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషిద్ధం. అయినా ఆ ఖాళీలోకి దొన్నెను పిలిచినవారు తక్కువ.

పారేసిన తర్వాతి జీవితమే పొడవైనది. కిటికీలోంచి విసిరిన దొన్నె గాలికి రెండు పల్టీలు కొట్టి పట్టాల మధ్య కంకర మీద వాలుతుంది. కాకి వచ్చి చట్నీ పొడుచుకుంటుంది, తర్వాత బండి వెళ్తే ఆ ఊపుకు దొన్నె తిరగబడుతుంది. కొన్నాళ్లు పక్క పట్టాల మధ్య ఉన్న కాగితపు ప్లేటుకు ఎదురుగా పడి ఉంటుంది. తొలకరి వానకు ఆకు నాని, ఈనెలు తేలి, కంకర సందుల్లోకి జారిపోతుంది. గుచ్చిన వెదురు పుల్ల మాత్రం మరికొన్నాళ్లు అక్కడే, ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య నిలువుగా ఉంటుంది.