డాక్టర్ గారి బండి

సెకండ్‌హ్యాండ్ కారు అంటే మరొకరు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఐదేళ్లు ఈఎంఐలు కట్టి, చివరికి మొహం మొత్తి వదిలించుకుంటున్న కారు. దీన్ని అమ్మే చోటును తెలుగునాట ఆటో కన్సల్టెన్సీ అంటారు. అక్కడ కన్సల్టేషన్ అంటూ ఏమీ జరగదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ, అరకప్పు టీ, ‘ఫైనల్ సార్, ఇంక పైసా తగ్గదు’ అనే ఒక వాక్యం ఉంటాయి. కొనేవాడి దగ్గర మూడు లక్షల రూపాయలు, రెండు కోరికలు ఉంటాయి. బండి నడిరోడ్డు మీద పరువు తీయకూడదు, తోలుతుంటే హుషారుగా ఉండాలి. మైలేజి అనే మూడో కోరిక అతనిది కాదు, వాళ్ల నాన్నది.

మూడు లక్షలున్నవాడు రెండున్నర లక్షల బండే చూడాలి. మిగతా యాభై వేలు టైర్లకూ బ్యాటరీకీ ఇన్సూరెన్సుకూ ఆర్టీఏకూ పోతాయి. పోకుండా కాస్త మిగిలితే సీట్ కవర్లు ఉండనే ఉన్నాయి. అమ్మేవాడికున్న నో క్లెయిమ్ బోనస్ బండితోపాటు వస్తుందని ఆశపడకూడదు. యాభై శాతం దాకా ఉండే ఆ తగ్గింపు మనిషికిచ్చింది గనక ఆయన దాన్ని తన కొత్త కారుకు పట్టుకుపోతాడు. ఇక పద్నాలుగేళ్ల బండి మరీ చవగ్గా వస్తోందంటే అమ్మేవాడు దయామయుడని అర్థం కాదు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లతో ముగుస్తుంది. ఆ తర్వాత బండి ఫిట్‌నెస్ చూపించుకుని ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలుండే ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది.

నమ్మకం, హుషారు ఒకే బానెట్ కింద కాపురం చేయకపోవడమే ఈ దేశపు పాత కార్ల అసలు చిక్కు. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి దాకా తయారైన మారుతి 800 జనానికి నమ్మకం నేర్పింది. మూడు సిలిండర్లు, 796 సీసీ, ఏ ఊళ్లో ఆగినా స్పానర్ పట్టుకుని వచ్చేవాడొకడు. హుషారు నేర్పినవి వేరే. స్టీరింగ్ తిప్పుతుంటే రోడ్డు అరచేతికి తెలిసేదని ఫియట్ పాలియో, పుంటో తోలినవాళ్లు ఇప్పటికీ పెళ్లి భోజనాల దగ్గర పక్కవాడిని పట్టుకుని చెబుతారు. ఫోర్డ్ ఫిగో వాళ్లది మరో మతం. అయితే షెవర్లే 2017తో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, ఫియట్ తన కార్లు అమ్మడం మానేసింది, ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని 2021 సెప్టెంబరులో ఫోర్డ్ కూడా చెప్పేసింది. మలుపుల్లో మజా చూపించిన కంపెనీలన్నీ ఒక్కొక్కటే మలుపు తిరిగి వెళ్లిపోయాయి. వాటి విడిభాగాలు దొరకవనడం అన్యాయం. విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతాయి, కాకపోతే అడిగిన రోజు దొరకవు.

మధ్యేమార్గం లేకపోలేదు. 2005 మేలో వచ్చిన స్విఫ్ట్ ఆ దారి వేసింది. తర్వాత వచ్చిన దాని 1248 సీసీ డీజిల్ ఇంజన్ ఫియట్ రూపొందించిందే. అదే ఇంజన్ టాటా విస్టాలోనూ ఉండేది. అంటే ఇంటి పేరు మార్చుకున్న ఫియట్ గుండె, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చేదాకా, మన రోడ్ల మీద కొట్టుకుంటూనే ఉంది. ఈ వ్యాసం ఓటు మాత్రం హోండా బ్రియోకు. 2011లో వచ్చింది, టన్నులోపు బరువు, 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, తొక్కితే లేగదూడలా ఉరుకుతుంది. లోపమల్లా డిక్కీ. అది 175 లీటర్లు. పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టాక ఆవకాయ జాడీకి చోటుండదు. మూడు లక్షల్లో నమ్మకమూ హుషారూ రెండూ కావాలనుకునేవాడికి, ఊరినుంచి వచ్చేటప్పుడు జాడీని ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషి కూడా ఉండాలి.

ఏ కారో తేల్చుకున్నాక ప్రకటనలు చదవాలి. వాటి భాషకు నిఘంటువు లేదు. ‘షోరూమ్ ట్రాక్’ అంటే ఒకసారి షోరూమ్‌కు వెళ్లింది. ‘చిల్డ్ ఏసీ’ బండిని డిసెంబరులో చూపిస్తారు. ‘అర్జంట్ సేల్’ ఎనిమిది నెలలుగా అర్జంటుగానే ఉంది. ‘తాళం తీసుకుని తిన్నగా తిరుపతి వెళ్లిపోవచ్చు సార్’ అంటే భారం ఆ స్వామి మీద వేశారని. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. కానీ రోజుకు ఇరవై ప్రకటనల చొప్పున రెండు వారాలు చదివిన మనిషి ఓర్చుకోలేనిది ఒకటుంది. ‘డాక్టర్ గారి బండి.’

తెలుగు రాష్ట్రాల్లో అమ్మకానికున్న ప్రతి పాత కారూ ఎవరో ఒక డాక్టర్ గారిదే. ఆల్టో డాక్టర్ గారిది. దాని పక్కనున్న ఇన్నోవా డాక్టర్ గారిది. అద్దాలకు నల్ల ఫిల్మ్ వేసి, వెనక అభిమాన హీరో బొమ్మ అంటించుకున్న స్కార్పియో కూడా డాక్టర్ గారిదే. ఆస్పత్రిలో డాక్టర్ లేడని జనం ధర్నా చేసే ఊళ్లో సైతం ఆయన కారు మాత్రం అమ్మకానికి ఉంటుంది. ఇన్ని కార్లు అమ్మేసుకున్న డాక్టర్లు డ్యూటీకి ఎలా వెళ్తున్నారన్నది ఎవరూ పట్టించుకోలేదు. బహుశా అందుకే ఓపీలో అంత ఆలస్యం.

డాక్టరే ఎందుకు? అమ్మేవాళ్ల సిద్ధాంతం ఇది: డాక్టర్ గారు ఇంటినుంచి ఆస్పత్రికీ, ఆస్పత్రినుంచి ఇంటికీ తప్ప తిరగరు, నెమ్మదిగా తోలతారు, రోగి గుండెలాగే ఇంజన్నీ చూసుకుంటారు, డబ్బుకు కొదవ లేదు గనక సర్వీసింగ్ తప్పించరు. వాస్తవంలో అర్ధరాత్రి కాన్పు కేసుకు పిలుపొస్తే డాక్టరమ్మ స్పీడ్ బ్రేకర్లను లెక్కచేయదు. ఆస్పత్రి సెల్లార్‌లో ప్రతి స్తంభం మీదా నాలుగు రంగుల పెయింటు గీతలుంటాయి, అవి స్తంభానికి వేసినవి కావు. పైగా కింద ఏదో టకటక కొట్టుకుంటోందని తెలిసి కూడా ఆయన ఆర్నెల్లు ‘చూద్దాంలే’ అంటాడు. రోగి అదే మాటంటే చీవాట్లు పెడతాడు.

డాక్టర్లలో రకాలుండటం ఇంకో చిక్కు. ఏ డాక్టర్ అని గుచ్చి అడిగితే బ్రోకర్ నీళ్లు నములుతాడు. ఆర్‌ఎంపీ డాక్టర్ గారిదైతే ఆ బండి రోజుకు పది పల్లెలు, చెరువు కట్టలు, చేల గట్లు తిరిగి, సెలైన్ స్టాండు మోసి ఉంటుంది. దాన్ని కారనడంకంటే 108కి పెద్దన్న అనడం సబబు. పశువుల డాక్టర్ గారిదైతే వెనక సీటు వాసన చూడాలి. హోమియో డాక్టర్ గారిదైతే ఇంజన్‌లో ఆయిల్ మూడు చుక్కలే పోసి ఉండే ప్రమాదముంది. తెలుగులో పీహెచ్‌డీ చేసిన డాక్టర్ గారిదైతే, ఆయనకు కారుండటమే వార్త. సర్వీసు పుస్తకం డాక్టర్ గారి చేతిరాతలో ఉంటే మందుల షాపు కుర్రాణ్ని వెంట తీసుకెళ్లాలి. ఇంతా చేసి ఆర్సీ చూస్తే అందులో పేరు ఏ కాంట్రాక్టర్‌దో అయి ఉంటుంది. డాక్టర్ గారేరీ అంటే, ‘ఆయన దగ్గరే కొన్నారు సార్ వీళ్లు’ అంటాడు బ్రోకర్, కళ్లార్పకుండా.

మరి ఎస్సై గారి బండి, రియల్ ఎస్టేట్ ఆయన బండి, పెళ్లిళ్లకు అద్దెకు తిరిగిన బండి ఎక్కడికి పోతున్నట్టు? లప్పం, పెయింటు, పాలిష్ అనే మూడు సెమిస్టర్లు పూర్తిచేసుకుని అవే డాక్టర్లై తిరిగొస్తున్నాయి.

వంశం తేలనప్పుడు ఒళ్లు పరీక్షించాలి. చెప్పిన వేళకు అరగంట ముందే వెళ్లి, నమస్కారానికంటే ముందు బానెట్ మీద చెయ్యి వేయాలి. వెచ్చగా ఉంటే, నిద్రలేచేటప్పుడు ఇంజన్ చేసే అల్లరి వినపడకుండా ముందే లేపి కూర్చోబెట్టారన్నమాట. పొగ నీలంగా వస్తే ఆయిల్ తాగుతోంది. నల్లగా వస్తే ఇంధనం సరిగ్గా కాలడం లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి దిగుతోంది. ఆయిల్ మూత వెనక మీగడలాంటిది పేరుకుని ఉంటే టీ కోసం ఆగకుండా లేవడం మంచిది. మీటర్‌ను నమ్మే రోజులు పోయాయి. వెనకటికి మీటర్ తిప్పాలంటే స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టాలి, అందులో కొంత శ్రమైనా ఉండేది. ఇప్పుడు ల్యాప్‌టాప్ తగిలిస్తే లక్షా ఇరవై వేల కిలోమీటర్లు టీ చల్లారేలోపు నలభై వేలవుతాయి. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ మీది నునుపు మాత్రం ల్యాప్‌టాప్ మాట వినవు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ప్రతి అద్దం మీదా అది తయారైన ఏడాది గుర్తు ఉంటుంది. అన్నీ ఒక ఏడాదివై ఒక్కటే వేరైతే ఆ కథ అడగాలి. ‘రాయి తగిలింది సార్’ అంటారు. ఈ రాష్ట్రాల్లో కార్లకు రాళ్లు తప్ప ఇంకేమీ తగలవు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తలుపుకు అంటుకోనంటే, అక్కడ రేకు మీద లప్పం దళసరిగా ఉంది.

టెస్ట్ డ్రైవ్ వీధి చివరి కిరాణా కొట్టు దాకా. అంతకుమించి పోవడానికి ట్యాంకులో పెట్రోలు ఉండదు. అమ్మకానికున్న కారు ఎప్పుడూ రిజర్వులోనే ఉంటుంది.

నీళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధుల్లోనే కార్లు మునిగాయి. మునిగినవన్నీ తుక్కుకు పోలేదు. కొన్ని ఎండి, తుడుచుకుని, కొత్త సీట్ కవర్లు తొడుక్కుని, గుప్పుమనే సెంటు పూసుకుని జనంలో కలిసిపోయాయి. సీటు బెల్టును ఆఖరిదాకా లాగాలి. కడిగినవాడు మరచిపోయిన చివరి మూరలో బురద గీత కనబడుతుంది. స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉందేమో వేలితో చూడాలి.

కాగితాల్లో మొదట అప్పు చూడాలి. ఆర్సీలో హైపోథికేషన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, ఫారం 35 లేనిదే బయానా ఇవ్వకూడదు. తర్వాత చలాన్లు. తెలంగాణలో పాత యజమానులు వీటిని కట్టరు, ఆషాఢం సేల్ కోసం ఎదురుచూసినట్టు తగ్గింపు కోసం ఎదురుచూస్తారు. వాళ్ల నమ్మకం వమ్ము కాలేదు. 2022లో కార్ల చలాన్లకు సగం, 2023 డిసెంబరులో 60 శాతం తగ్గించారు. ఢిల్లీ బళ్లది ఇంకో కథ. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బళ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు సరేనంది. అందుకే, 2025 ఆగస్టులో అదే కోర్టు పట్టు సడలించేదాకా, తొమ్మిదో ఏట ఢిల్లీ డీజిల్ బళ్లకు దక్షిణాది మీద ప్రేమ పుట్టుకొచ్చేది. ధర చూసి పొంగిపోయేవాడు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కూడా కూడుకుని మళ్లీ పొంగాలి.

ఇన్ని అబద్ధాల మధ్య నిజం చెప్పే ప్రకటన అరుదుగా ఒకటి తగులుతుంది. ‘తక్కువ తిరిగింది.’ అది తెనాలిలోనో భీమవరంలోనో ఒక సందులో, గేటు లోపల కవరు కప్పుకుని ఉంటుంది. పిల్లలు డాలస్‌లో. వచ్చినప్పుడు తిరగడానికి, నాన్నను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి అని పదేళ్ల కిందట కొనిచ్చారు. పదేళ్లలో పదకొండు వేల కిలోమీటర్లు. మీటర్ ఎవరూ తిప్పలేదు, బండినే ఎవరూ తిప్పలేదు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, టైర్లు అరగకుండానే పగుళ్లిచ్చి ఉంటాయి, ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి. వెనక సీటు మీద షోరూమ్ ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంటుంది, మనవలు వచ్చాక తీద్దామని. పెద్దాయన బేరమాడడు. కొనేవాడే టైర్లు చూపించి పదివేలు తగ్గిస్తాడు. తగ్గించిన సంగతి మాత్రం ఇంట్లో గొప్పగా చెప్పుకోలేడు.

ధర కుదిరాక ఫారం 29, ఫారం 30 మీద సంతకాలవుతాయి. ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడానికి 14 రోజులు. సంతకాలు పెట్టేశాం కదా అని ఊరుకుంటే కుదరదు. తర్వాత ఆ బండి ప్రమాదం చేస్తే, పరిహారం బాధ్యత రికార్డుల్లో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఆఖరున ఫాస్టాగ్. 2021 ఫిబ్రవరి నుంచి అది తప్పనిసరి. పాతదాన్ని అమ్మినాయన చేత మూయించి, అద్దం మీదనుంచి తీసేసి, కొన్నవాళ్లు తమ పేరు మీద కొత్తది తీసుకోవాలి. అలా చేయకపోతే బండి పంతంగి టోల్‌గేటు దాటిన ప్రతిసారీ డబ్బు పాత ఖాతాలోంచే పోతుంది, ఫలానా చోట దాటిందన్న మెసేజ్ తెనాలిలో పెద్దాయన ఫోన్‌కు వెళుతుంది.